రామకోటయ్య ఇంటి తీగ

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు లేచిపోయిన మరుసటి ఏడు, జ్యేష్ఠమాసంలో, మా నందికొట్కూరు పంచాయతీ ఆఫీసుకు సర్కారువారి రేడియో వచ్చింది. మిద్దె మీద పెద్ద మైకు గొట్టం కట్టారు. ఎవరూ అర్ధణా ఇవ్వక్కర్లేదు, ఎవరైనా వచ్చి కూర్చుని వినవచ్చు. ఊరు ఊరంతా టెంకాయలు కొట్టింది. మా ఇంట్లో మాత్రం ఆ పూట ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఎందుకంటే మేం రేడియోను ఇంటింటికీ నెలబాడుగకు ఇచ్చి బతుకుతున్నవాళ్లం.

మా ఆయన నాగసుబ్బయ్యకు మొదట్లో మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లకు, జాతరలకు బాడుగకు తిప్పేవాడు. ఆ వేసవికి ముందు ఎన్నికల్లో అన్ని పార్టీల జీపులకూ అదే సెట్టు కట్టి, గొంతు పోయేదాకా తిరిగాడు. అలా వచ్చిందంతా తెచ్చి తీగల్లో పోశాడు. మా నడవలో ఒక పెద్ద రేడియో, దాని పక్కన మైకు సెట్టు. అక్కణ్ణించి తీగ మా మట్టిమిద్దె మీదికెక్కి, మిద్దెల అంచుల వెంబడి శెట్ల వీధి పొడుగునా పోయేది. నలభై రెండు ఇళ్లలో గోడకు ఉప్పు పెట్టెంత చెక్కపెట్టె ఒకటి వేలాడేది. విజయవాడ పాడితే నలభై రెండు వంటిళ్లు పాడేవి. పెట్టెకు మీట లేదు. మేం పెట్టింది వినాలి, మేం ఆపితే ఆగాలి. బ్యాటరీ కర్నూల్లో చార్జి చేయించి బస్సు మీద తెప్పించుకునేవాళ్లం. అది అయిపోతే వీధంతా మూగపోయేది.

"పరాయి మగోడు వంటింట్లో మాట్లాడేదేందిరా?" అని మా అత్త పుల్లమ్మ మొదటి వారమంతా పెట్టె ముందు తలమీద కొంగు కప్పుకుని తిరిగింది. రెండో వారానికి వార్తలు చదివే ఆయనకు జలుబు చేసిందని బాధపడింది.

మా వీధి ఆడవాళ్లు ఇల్లు కదిలేవాళ్లు కాదు. ముందర అంగడి, వెనక ఇల్లు. అంగట్లోకి తొంగి చూసినా తప్పే. అలాంటి వాళ్ల పొయ్యి దగ్గరికి పాట వచ్చిందంటే ఆ వచ్చింది మా తీగ మీదే. నేను పైకి చెప్పలేదు గానీ లోపల శానా గర్వపడ్డాను. అందుకే పంచాయతీ రేడియో మీద నాకు అంత కడుపుమంట. దాని ముందు కూర్చునేది మగవాళ్లు. బీడీలు కాల్చుకుంటూ, కాళ్లు చాపుకుంటూ. ఆ గొట్టం పాట మా వీధికి గాలి తిరిగినప్పుడు ఒక ముక్క వచ్చేది, తిరిగి పోయేది.

బాడుగ కట్టేది ఆ మగవాళ్లే కదా. వాళ్లకు ఊరికే వినపడుతుంటే ఇంట్లో పెట్టె ఎందుకు? ఆషాఢం ముగిసేసరికి పదకొండు ఇళ్లు మానేశాయి. పన్నెండోది రామకోటయ్యది.

రామకోటయ్య మాకు రెండిళ్ల అవతల ఉండే శనక్కాయల వ్యాపారి. చెడ్డవాడేం కాదు. ఊరికే వచ్చేదంటే ఆశ, అంతే. ఒక సాయంత్రం మా అరుగు మీదికి వచ్చాడు.

"ఏమప్పా నాగసుబ్బయ్యా, మా యింటి తీగ తీసేయప్పా. ఊరికే వచ్చేదానికి దుడ్లు పోసేదెందుకు? సాయంత్రమైతే నేను పంచాయతీ కాడనే కూచుంటాండా."

"నువ్వు కూచుంటావన్నా. మా వదిన యాడ కూచుంటాది?"

"ఆడోళ్లకు రేడియో ఎందుకప్పా? వాళ్ల మాటలు వాళ్లకు సాలవా?" అని నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు. రామకోటయ్య వెళ్లగానే నన్ను పిలిచాడు. "సుందరా, మిద్దెక్కి ఆ యింటి ముడి ఇప్పేయ్. బాడుగ ఇయ్యనోని ఇంటికి ఒక్క మాట గూడా పోగూడదు."

ముళ్లు వేసేదీ విప్పేదీ మొదటినుంచీ నా పనే. మగవాడు మిద్దెల మీద తిరిగితే కింద ఇళ్లలో ఆడవాళ్లు కనపడతారని, ఆయన పరాయి మిద్దె మీద అడుగు పెట్టేవాడు కాదు. మిద్దెలన్నీ ఆనుకునే ఉంటాయి, ఆడవాళ్లం దాటుకుంటూ పోతాం. నేను వెళ్లి పెద్ద తీగ నుంచి రామకోటయ్య ఇంటికి దిగే కొసను, ఆయన మా మిద్దె మీది నుంచి చూస్తుండగానే విప్పాను. పెట్టె మాత్రం వాళ్ల లోపలి గది గోడకే వదిలేశాం. నెల తిరిగితే వాళ్లే మళ్లీ వస్తారని మా ఆయన ఆశ.

పంతం పట్టిన మనిషి ఊరుకోడు కదా. "విజయవాడకు మన ఊరి సంగతి ఏం తెలుసు?" అంటూ పాటలకూ వార్తలకూ మధ్య మైకు తీసుకుని తనే మాట్లాడటం మొదలుపెట్టాడు. కర్నూలు బస్సు ఎంత ఆలస్యమో, ఎవరి బర్రె తప్పిపోయిందో, శనక్కాయల ధర ఎంత పలుకుతోందో చెప్పేవాడు. ఎవరైనా పోతే శవం ఎన్ని గంటలకు లేస్తుందో కూడా చెప్పేవాడు. ఇవన్నీ సర్కారు గొట్టం చెప్పలేదు. ఆడవాళ్లకు బాగా నచ్చింది. మానేసిన ఇళ్లలో నాలుగు తిరిగొచ్చాయి. ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. రామకోటయ్య మాత్రం రాలేదు.

శ్రావణంలో రామకోటయ్య భార్య వెంకటలక్ష్మమ్మ కనింది. మూడో కాన్పు, ఆడపిల్ల. నేను ఆ వీధికి కోడలిగా వచ్చిన దినం నుంచి నాకు తోడబుట్టినదాని కన్నా ఎక్కువ ఆమె. అక్కా అనే పిలిచేదాన్ని. తల్లి లేదు, కానుపుకు పోవడానికి పుట్టిల్లూ లేదు. మా అత్తే రోజూ వెళ్లి బిడ్డకు, తల్లికి నీళ్లు పోసి వచ్చేది. నేను మధ్యాహ్నం మిద్దెలు దాటి, పైకప్పుకు వెలుగు కోసం పెట్టిన గవాక్షిలోంచి కేకేసి, మెట్లు దిగి పోయేదాన్ని. బాలింత గదికి ఆ గవాక్షి వెలుగు ఒక్కటే. తలుపు మూసి, సాంబ్రాణి పొగలో ఆమె ఇరవయ్యొక్క దినాలు మంచం మీద ఉండాలి.

మూడో దినమో నాలుగో దినమో అడిగింది. "సుందరా, ఆ పలకని పెట్టె నా ఎదురుగా ఎందుకే తగిలించి పెట్టినారు? దాన్ని చూస్తాంటే ఇంకా పిచ్చెక్కుతాండాది. పొద్దున రెండు పాటలన్నా ఇనపడితే గోడలతో మాట్లాడే పని తప్పుతాది."

నేను మారు మాట్లాడకుండా పైకెక్కి ముడి వేసేశాను. కిందికి దిగేసరికి పెట్టె పలుకుతోంది. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, వెంటనే పాప నిద్ర లేస్తుందని చేతులు దాచుకుంది. శబ్దం మంచం దాటకుండా పెట్టెకు పాతచీర ముక్క చుట్టాం. రామకోటయ్య పొద్దున అంగట్లో, సాయంత్రం పంచాయతీ దగ్గర. ఇంట్లో ఉండే కాసేపట్లో గొంతు వినపడినా పక్కింటి పెట్టె అనుకునేవాడు.

మా ఆయనకు నేను చెప్పలేదు. చెప్పి ఉంటే ఒప్పుకునేవాడేమో. ఆ దినాల్లో తీగల మాట ఎత్తితే చాలు మీద పడేవాడు. అదొకటే కాదు. నలభై రెండు ఇళ్లకు ముళ్లు వేసింది నేనైతే, ఒక్క ఇల్లన్నా నా ఇష్టప్రకారం పలకకూడదా అని నాకూ ఒక పంతం.

పాప పుట్టిన ఆరో దినం రామకోటయ్య అంగడికి తంతి వచ్చింది. వెంకటలక్ష్మమ్మ నాయన చెన్నకేశవయ్య ఒంటిమిట్టలో పోయాడు. ఆయన ముప్పయ్యేళ్లు మా వీధిలోనే వ్యాపారం చేసినవాడు, వర్తక సంఘానికి పెద్ద. వయసు మీదపడ్డాక అన్నీ అల్లుడికి అప్పగించి, కోదండరాముడి గుడి దగ్గర ఒక గది తీసుకుని ఉండిపోయాడు.

రామకోటయ్య తంతి మడిచి జేబులో పెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"పుల్లమ్మత్తా, సుందరమ్మా, మీకు మొక్కుతా. ఆమెకు తెలియగూడదు. పచ్చి బాలింత. ఇరవయ్యొకటో దినం దాటినాంక నేనే చెప్పుకుంటా. కడపలో గానుగ బేరమని చెప్పి పోతాండా. పెద్దకర్మ అయినాంక గానీ రాను."

"నువ్వు పో నాయనా. బాలింతకు చావు కబురు చెప్పేంత తెలివితక్కువోళ్లు ఈ వీధిలో ఎవరూ లేరు," అంది మా అత్త. పాలు ఎండిపోతాయని, సూతికవాతం కొడుతుందని అందరికీ తెలుసు. ఒక్క పూటలో వీధి వీధంతా నోరు కట్టేసుకుంది.

ఆ దినమే ముడి విప్పేయాలని నాకు తట్టింది. తట్టలేదని అబద్ధం చెప్పను. శవం ఒంటిమిట్టలో లేచేది, దాని సంగతి మా ఆయన మైకులో చెప్పే పని లేదు. ఉన్నట్టుండి పెట్టె ఆపితే ఎందుకని ఆమే అడుగుతుంది. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుని వదిలేశాను.

మర్నాడు వెళితే మొదటి మాటే అది. "మా నాయనకు కబురు పోయిందా? మనుమరాలు పుట్టిందని?"

"పోయిందక్కా."

"ఏమన్యాడంట?"

అక్కడ ఆగిపోయి ఉండాల్సింది. తెలీదు అంటే సరిపోయేది. "ఒంటిమిట్ట నుంచి యాత్రికులు వచ్చినారు. శానా సంతోషపడినాడంట," అన్నాను. ఆమె ముఖం చూసి నాకు ఉత్సాహం వచ్చింది. మర్నాటికి ఆయన మోకాళ్ల నొప్పులు తగ్గించాను. ఆ మర్నాడు పాపకు ఒక వెండి మొలతాడు చేయిస్తున్నాడని చెప్పాను. ఆపైన, ఆదివారం బస్సులో వస్తాడని కూడా చెప్పాను. ఆమె నవ్వుతుంటే ఇంటికి పోయి, నేనెంత బాగా చూసుకుంటున్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఆమె మా అత్త చేత తల దువ్వించుకుంది. పాపకు ఉతికిన గుడ్డ చుట్టించింది. సాయంత్రం బస్సు వచ్చే వేళకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పెట్టెకు చుట్టిన గుడ్డ విప్పమంది. బస్సు వచ్చిందని మా ఆయన మైకులో చెప్పాడు. ఆమె తలుపు వైపు చూస్తూ కూర్చుంది. దీపం పెట్టే వేళ దాటిపోయింది.

"నంద్యాలలో బస్సు చెడిపోయిందంటక్కా. ఎనక్కి పోయినాడంట. ఇంక ఉయ్యాల దినానికే వస్తాడంట," అన్నాను.

"ఎవరు చెప్పినారు?" అంది.

"బస్సులో వచ్చినోళ్లు."

ఆమె పెట్టెకు మళ్లీ గుడ్డ చుట్టేయమంది.

మర్నాడు సోమవారం. ఆ ఏడు శ్రావణానికి వానలు లేవు. ఎండ చురచురలాడుతుంటే మా మిద్దె మీద కందిపప్పు ఎండబోస్తున్నాను. పది గంటలు దాటి ఉంటుంది. కింద నడవలో పాట ఆగి, మా ఆయన గొంతు సవరించుకున్నాడు. కర్నూలు బస్సు సంగతి చెప్పాడు. ఆ తరువాత అన్నాడు.

"మన వర్తక సంఘానికి పెద్దగా ఉండిన చెన్నకేశవయ్య శెట్టిగారు ఒంటిమిట్టలో స్వర్గస్థులైనారు. ఈ దినం వారి పెద్దకర్మ. మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి రెండు గంటల దాకా అంగళ్లన్నీ మూసేయవలసిందని సంఘంవారు కోరతాండారు."

చేతిలో చేట ఎక్కడ పడిందో తెలీదు. రెండు మిద్దెలు దాటి ఉరికాను. ముడి నేనే గట్టిగా వేసి ఉన్నాను, ఊడి రాదు. గోళ్లు విరిగి, ముడి విడిపోయేసరికి కింద పాట మళ్లీ మొదలైంది.

తరువాత మా అత్త చెప్పింది. సంఘం పెద్దలిద్దరు అప్పుడే వచ్చి చెప్పమన్నారట. బాలింత ఉంది కదా అని మా ఆయన వెనకాడాడట. "వాళ్ల ఇంటికి నీ తీగ యాడిదప్పా?" అన్నారట వాళ్లు. "నిజమే, సుందర తీసేసింది," అని మైకు అందుకున్నాడట.

నేను మెట్లు దిగి గదిలోకి పోయాను. వెంకటలక్ష్మమ్మ మంచం మీద కూర్చుని పాపకు పాలిస్తోంది. పెట్టె పలకడం లేదు. ఆమె నా చేతివేళ్ల వైపు చూసింది, నెత్తురు కారుతోంది.

"పన్నెండింటికి అంగళ్లు మూసేస్తారంట సుందరా," అంది. "ఇంట్లో చక్కెర లేదు. ముందే తెప్పించు."

పాప తాగుతూనే ఉంది. నేను చక్కెర తెప్పించాను.

సాయంత్రానికి ఆమెకు జ్వరం వచ్చింది. రెండు దినాల్లో పాలు పోయాయి. మా అత్త మిరియాలు నూరింది, పత్యాలు పెట్టింది, దిష్టి తీసింది. పాపకు మేకపాలు పట్టారు. బిడ్డ బతికింది గానీ ఆరు నెలల దాకా పిడికెడే ఉండేది. తల్లి ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు. అది చూడలేక మా అత్త, "ఏడువమ్మా, ఒకసారి ఏడువు," అని బతిమాలింది.

మంగళవారం రామకోటయ్య బస్సు దిగి, ఇంటికి పోయి, అదే కాళ్లతో మా అరుగు దగ్గరికి వచ్చాడు. పైకి ఎక్కలేదు. వీధిలోనే నిలబడ్డాడు.

"నాగసుబ్బయ్యా, మా యింటి తీగ తీసేయమని నేను చెప్పినానా లేదా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను తలుపు చాటున ఉన్నాను, వేళ్లకు గుడ్డ కట్టి ఉంది. ఆ చూపు ఎంతసేపో కాదు. ఆయనకు అర్థమైపోయింది.

"చెప్పినావన్నా. నేనే మర్చిపోయినా. తప్పు నాదే," అన్నాడు.

"నా పెండ్లాం సచ్చుంటే ఏం చేస్తువు?"

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, ఆ పెద్దమనిషి తిట్టిన తిట్లన్నీ పడ్డాడు. వీధిలో ప్రతి అంగటి ముందూ ఒకడు నిలబడి విన్నాడు. నేను బయటికొచ్చి, ముడి వేసింది నేనని చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. ఇప్పటికీ ఆ తలుపు చాటు నన్ను వదల్లేదు.

రామకోటయ్య పోయాక కూడా మా ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉన్నా బాగుండేది. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లు ఇస్తే తాగాడు.

వారం తిరక్కుండా పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. "చావు కబురు చెప్పే పెట్టె మా యింట్లో వద్దప్పా," అని ఒక్కొక్కరే తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయారు. కొన్ని పెట్టెలకు ఆడవాళ్లు పెట్టిన పసుపు కుంకుమ బొట్లు ఉన్నాయి. తీగ నేనే చుట్టుకుంటూ వచ్చాను, మిద్దె తరువాత మిద్దె. కింద ఇళ్లలో ఆడవాళ్లు తలెత్తి చూశారే గానీ ఎవరూ పలకరించలేదు. సర్కారు రేడియో మమ్మల్ని ఓడించిందని ఊరంతా అనుకుంది. నా ముడి సంగతి బయటపడకుండా అలా అనుకున్నందుకు మా ఆయన సంతోషపడ్డాడనుకుంటాను. దసరా ముందు మైకు సెట్టుతో సహా అన్నీ అమ్మేశాడు. కొన్నాళ్లకు పంచాయతీ రేడియోకే బ్యాటరీ మార్చే పనికి కుదిరాడు. సాయంత్రం గొట్టం కింద మగవాళ్లు వింటుంటే, ఆయన మాత్రం ఒక మూల వీపు తిప్పి కూర్చునేవాడు.

నలభయ్యో దినం దాటాక వెంకటలక్ష్మమ్మ ఒంటిమిట్టకు పోయి, తండ్రి ఉన్న గది చూసుకుని వచ్చింది. ఆమె వచ్చిన మర్నాడు నేను మిద్దె మీది నుంచి కాకుండా వీధి తలుపు నుంచి వెళ్లాను. పాపను ఒళ్లో వేసుకుని మేకపాలు పడుతోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఎన్ని దినాలుగానో కూడబెట్టుకున్న మాట ఒక్క గుక్కలో చెప్పేశాను.

"అక్కా, ఆ ముడి ఇప్పనిది మా ఆయన కాదు. నేను. ఆయన ఇప్పేయమన్యాడు. నేనే మళ్లీ యేసినా. నీ పాలు పోయింది నా వల్ల. ఆయన్ని ఏమీ అనుకోవద్దు."

"నాకు తెలీదా?" అంది ఆమె. "నేను అడిగితేనే కదా యేస్తివి."

నాకు ఏడుపు వచ్చేసింది. క్షమించిందనుకున్నాను. ఆమె మోకాలు పట్టుకోబోయాను. ఆమె మోకాలు పక్కకు జరుపుకుంది.

"పెట్టె మీద నాకేం కోపం లేదు సుందరా. మీ ఆయన మీదా లేదు. ఆ దినం ఈ ఇంట్లో నాకు ఉన్నదున్నట్టు చెప్పింది ఆ పెట్టె ఒక్కటే." ఆమె గొంతు పెరగలేదు. పాప మూతి తుడిచింది. "మా నాయన పోయినాంక పది దినాలు నువ్వు నా మంచం మీద కూచొని ఆయనకు మోకాళ్ల నొప్పులు తగ్గిస్తివి. మొలతాడు చేయిస్తివి. ఆదివారం బస్సు ఎక్కిస్తివి. నేను తల దువ్వించుకొని కూచుంటి."

"నీ పానం కోసం అక్కా... అందరూ చెప్పొద్దన్యారు."

"చెప్పొద్దన్యారు. ఆ కతలన్నీ చెప్పమన్యారా?"

ఆమె పాపను భుజం మీదికి ఎత్తుకుంది. "పాపకు నిద్రొస్తాండాది. పోయిరా," అంది.

ఆ వీధిలోనే ఇంకా ముప్పయ్యేళ్లు కాపురాలు చేశాం. పెళ్లిళ్లకు పిలుచుకున్నాం, పిల్లల బారసాలలకు పోయి వచ్చాం. మనిషి ముఖం తిప్పుకోలేదు, మాట మానలేదు. వాన వస్తోంది, మిద్దె మీద గుడ్డలు తీసుకో అక్కా అని నేను కేకేస్తే వినేది. బయటికి వచ్చి, తలెత్తి ఆకాశం చూసుకునేది. చూసుకున్నాకే తీసుకునేది.